బుడ్డమ్మ, మందు సీసా, నా సాక్ష్యం

ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరు వచ్చినా గడప దాటగానే అడిగే మాట ‘అన్నం తిన్నారా’ అని కాదు, ‘పోయిందా?’ అని. ఏం పోయింది, ఎవరికి పోయింది అని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. డ్యూటీ మధ్యలో నేను ఫోన్ చేసినా అదే మాట, కోడుమూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసినా అదే మాట. ‘పోయింది’ అని జవాబు వస్తే ఆ పూట అందరికీ అన్నం సహించేది. ‘లేదు’ అని వస్తే కూరలో ఉప్పు ఎక్కువైనా ఎవరూ గమనించేవాళ్ళు కాదు. మనిషి సంతోషం ఎంత చిన్న చోట దాక్కుని ఉంటుందో, రెండున్నరేళ్ళ పిల్లకు మలబద్ధకం వచ్చిన ఇంట్లో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్విన మరుక్షణమే ఆ గొడవలో నా వాటా ఎంతో గుర్తొచ్చి ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఆ వాటా సంగతి రాద్దామనే కూర్చున్నాను.

అప్పుడు నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, లోడింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరిన సూపర్‌వైజర్‌ని. పేరు పెద్దదే గానీ చేసే పనంతా లారీలను వరసలో నిలబెట్టడం, మూటలు ఎక్కించాక గేటు దాటించడం. గేటు దగ్గర ఒక్క లారీ మొరాయించిందంటే దాని వెనక లారీలు మెయిన్ రోడ్డు దాకా పేరుకుపోయేవి. వెనకవాళ్ళంతా ఒకేసారి హారన్ మోగించేవాళ్ళు. నేను దుమ్ములో నిలబడి, ‘ఏమప్పా, హారన్ కొడితే లారీ కదుల్తాదా? ఆ డ్రైవర్‌ను కంగారు పెట్టాకండి!’ అని అరిచేవాణ్ణి. ఆ మాట అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది గానీ, ఆ మాటను ఇంటికి మాత్రం ఏనాడూ తీసుకుపోలేదు.

మా అమ్మాయిని ఇంట్లో బుడ్డమ్మ అనేవాళ్ళం. మా వైపు వేరుశనగ కాయల్ని బుడ్డలంటారు. పుట్టినప్పుడు దాన్ని చేతుల్లోకి తీసుకుని మా అమ్మ, ‘ఏమిరా ఇది, బుడ్డంత ఉండాది బిడ్డ!’ అన్నది. ఆ పేరు అట్లా నిలిచిపోయింది. (చర్చిలో పెట్టిన పేరు వేరే ఉంది. ఇది రాసేటప్పుడు అసలు పేరు రాయకూడదని గట్టి షరతు పెట్టారు. ఎవరు పెట్టారో చివర్లో తెలుస్తుంది.)

ఆ బుడ్డంత బిడ్డను పెద్ద చెయ్యాలని నేను పట్టిన పంతం పేరు పాలు. దీనికి కొంచెం వెనకటి కథ ఉంది. మా నాన్న కోడుమూరు దగ్గర మెట్ట సేద్యం చేసేవాడు. వాన పడితే పంట, లేకుంటే కూలి. ఇంట్లో రెండు ఎనుములుండేవి. వాటికి నీళ్ళు మోసింది మేము, పేడ ఎత్తింది మేము, పాలు మాత్రం తెల్లారేసరికి డెయిరీ క్యానులో పోయేవి. మాకు బెల్లం వేసిన నల్ల కాఫీ. పాలు తాగడమంటే జ్వరం రావాలి. జ్వరమొచ్చినట్టు నటించి పాలు సంపాదించిన రోజులు నాకున్నాయి. అందుకని ఉద్యోగం దొరికి, బిడ్డ పుట్టాక, నా కూతురు పాలు కావాలని అడిగితే ఈ ఇంట్లో లేదు అనే మాట వినపడకూడదని నిర్ణయించుకున్నాను. చిక్కటి ఎనుము పాలు. పొద్దున సీసా, మధ్యాహ్నం సీసా, ఏడిస్తే సీసా, ఏడవకుంటే బాగా ఆడుకున్నందుకు సీసా. అన్నం ముద్ద ఉమ్మేసేది. ‘పోనీలే, పాలు తాగింది గదా’ అనేవాణ్ణి. నీళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్ళో పుట్టినవాళ్ళం, నీళ్ళు అడగనివాళ్ళకు ఎదురు తీసుకుపోయి ఇచ్చే అలవాటు మాకు లేదు.

మొదట్లో రోజు విడిచి రోజు అయ్యేది. తర్వాత రోజులు సాగాయి. ఒకసారి గట్టిపడి వచ్చింది, పిల్ల కెవ్వుమని ఏడ్చింది, చిన్న గుడ్డ మీద నెత్తురు చుక్క కనిపించింది. ఆ రోజు నుంచి బుడ్డమ్మ ఆ పని అనే మాట వింటేనే పారిపోవడం మొదలుపెట్టింది. తలుపు వెనక నిలబడేది. కాళ్ళు రెండూ దగ్గరగా బిగించి, మునివేళ్ళ మీద లేచి, మొహం ఎర్రగా చేసుకుని, కర్టెను పట్టుకుని వణికేది. నేను దాన్ని చూసి, పాపం ఎంత ముక్కుతోందో అనుకున్నాను. అది ముక్కడం కాదు, రాకుండా ఆపుకోవడం అని చాలా రోజులకు గానీ తెలియలేదు. నాకు తెలిసిందల్లా దాని ముందు గొంతుక్కూర్చుని, ‘ముక్కు తల్లీ, ముక్కు! ఇంగ రెండు నిమిషాలు! ఏం బిడ్డవే నువ్వు!’ అని అరవడం. అచ్చం గేటు దగ్గర లారీ డ్రైవర్లలాగే. అది ఇంకా గట్టిగా బిగించేది. నేను ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి.

మా అమ్మ ఈ వార్త విని కోడుమూరు నుంచి సంచీతో దిగింది. సంచీలో ఆముదం, తమలపాకులు. మా ఆవిడ (మైదుకూరు పిల్ల, అన్నీ నిదానంగా ఆలోచించే మనిషి) ఆ తమలపాకులు చూసి, ‘అత్తా, తాంబూలమా?’ అని అడిగింది. ‘తాంబూలం కాదు మేయ్, వైద్యం. తొడిమను ఆముదంలో ముంచి పెడితే మీ ఆయనకు చిన్నప్పుడు యట్ల పరిగెత్తింది అనుకున్యావు!’ అన్నది మా అమ్మ. నేను పరిగెత్తానా, అది పరిగెత్తిందా అని ఎవరూ అడగలేదు. పిల్లను ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి కాళ్ళు పట్టుకొమ్మన్నది. పట్టుకున్నది నేనే. బుడ్డమ్మ తల తిప్పి నా వైపు చూసిన చూపు, ఏడుపు కంటే ముందు వచ్చిన ఆ చూపు, నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. కాళ్ళు పట్టుకున్నది నాయనే అని అది నమ్మలేకపోయింది. ఆ పూట ఏదో కొంచెం వచ్చిన మాట నిజమే. మా అమ్మ గెలిచిన మొహంతో కాఫీ తాగింది. ఆ తర్వాత మాత్రం పిల్ల తమలపాకు చూసినా, ఆముదం వాసన వచ్చినా, నేను వంగి దగ్గరికి పోయినా మంచం కిందికి దూరేది.

ఆ వారమే నేను చర్చిలో ప్రార్థన మనవి పెట్టాను. మా కాలనీ పక్కన చిన్న చర్చి. ఆదివారం ఆరాధనలో ఒక సమయాన ఎవరి భారం వాళ్ళు లేచి చెప్పుకోవచ్చు, సంఘమంతా దాని కోసం ప్రార్థిస్తుంది. మేలు జరిగినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. నేను లేచి, చదువుకున్నవాణ్ణి కదా అని మర్యాదగా, ‘మా పాపకు ఉదర సంబంధమైన ఒక భారం ఉంది, సంఘం జ్ఞాపకం చేసుకోవాలి’ అన్నాను. ముందు వరసలో గంట పెద్దమ్మ ఉంది. చర్చి గంట కొట్టే పని ఆమెది, ఏండ్ల తరబడి గంట పక్కనే ఉండి చెవులు కొంచెం తగ్గాయి. ‘ఏమంటాడబ్బా?’ అని పక్కామెను అడిగింది. పక్కామె చెవిలో చెప్పినట్టే చెప్పింది గానీ, చెవి తగ్గిన మనిషికి చెప్పాలి కాబట్టి చర్చి బయట ఆటో స్టాండు దాకా వినపడింది. ‘బిడ్డకు దొడ్డికి రాలేదంట!’

అంతే. సోమవారం నుంచి కాలనీలో బుడ్డమ్మ ఎక్కడ కనిపించినా, ‘ఏం బుడ్డమ్మా, పోయిందా?’ పాలాయన అడిగేవాడు. కిరాణా కొట్టులో అడిగేవాళ్ళు. మా అయ్యగారు (పాస్టరును మేము అయ్యగారంటాం) స్కూటర్ ఆపి మరీ అడిగేవాడు. పిల్ల మా ఆవిడ కొంగులో మొహం దాచుకునేది. ఊరంతా తన కడుపు వైపే చూస్తోందని రెండున్నరేళ్ళ పిల్లకు అర్థమైపోయింది. మాకే అర్థం కాలేదు.

చివరికి మా ఆవిడ నా మాట, మా అమ్మ మాట పక్కన పెట్టి, ‘రేపు ప్రొద్దుటూరికి పోతాండాం, పిల్లల డాక్టరమ్మ దగ్గరికి. నువ్వొస్తే రా, ల్యాకుంటే నేనూ బిడ్డా బస్సులో పోతాం’ అన్నది. వెళ్ళాం. డాక్టరమ్మ పిల్ల కడుపు మెత్తగా తడిమి, ఏం తింటుంది, ఏం తాగుతుంది అని అడిగింది. నేను పాల జాబితా గర్వంగా చదివాను. ఆమె నవ్వలేదు. ‘ఇంత పాలు పోస్తే ఇంగ అన్నానికి చోటు యాడుంటాది? పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చిన్న గ్లాసుతో చాలు. సీసా మానిపించండి. పప్పు, ఆకుకూర, పండ్లు, నీళ్ళు’ అన్నది. తర్వాత ఏం పని చేస్తానో అడిగింది. లారీల సంగతి చెప్పాను. ‘అయితే మీకు సులభంగా అర్థమయితాది. మొదటి లారీ గేటులో ఇరుక్కున్నాది. ఒకసారి నొప్పి పుట్టింది కాబట్టి బిడ్డే గేటు మూసి పట్టుకున్నాది. మూసేకొద్దీ లోపల లారీ గట్టిపడతాది, గట్టిపడేకొద్దీ నొప్పి, నొప్పికొద్దీ మళ్ళా మూత. ఈ మందు మెత్తబరుస్తాది. నొప్పి లేకుండా పోతుందని బిడ్డకు నమ్మకం కుదిరేదాకా పొయ్యాల. వారం బాగుందని ఆపాకండి, నెలలు పడతాది. ఇంట్లో తమలపాకులు, సబ్బు ముక్కలు వద్దు. అన్నం తిన్నాక కాసేపు పిల్లల టాయిలెట్ కుండీ మీద కూర్చోబెట్టండి, కాళ్ళు నేలకు ఆనేటట్టు. అయినా కాకపోయినా ఏమీ అనాకండి. అరుపులు అసలే వద్దు’ అన్నది. చివరి మాట అన్నప్పుడు నా వైపే చూసింది. ఎవరు చెప్పారో తెలీదు. (మా ఆవిడ ఆ సమయంలో గోడ మీది టీకాల బొమ్మను చాలా శ్రద్ధగా చూస్తోంది.)

తియ్యటి సిరప్పు. బుడ్డమ్మ ఇష్టంగా నాకింది. పది పన్నెండు రోజుల్లో ఇంటి వాతావరణమే మారిపోయింది. ఒకరోజు ఏడుపు లేకుండా, ఒకరోజు నవ్వుతూ, మెత్తగా, రోజూ. ‘పోయిందా?’ అంటే ‘పోయింది’. పాలు మాత్రం నేను తగ్గించలేదు. మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు చాటుగా సీసా అందించేవాణ్ణి. డాక్టరమ్మకు మా నల్ల కాఫీ బతుకు ఏం తెలుసు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుని పోయాను. నిజానికి కృతజ్ఞత చెప్పి కూర్చుందామనే లేచాను. కానీ మైకు చేతికొచ్చింది. సంఘమంతా నా వైపు చూస్తోంది. అంతకు ముందు లేచినాయన తప్పిపోయిన బర్రె దొరికిన సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. నా సాక్ష్యం బర్రె కంటే చిన్నది కాకూడదనిపించింది. ‘ప్రియులారా, మందులకు లొంగని భారం మన ప్రార్థనకు లొంగింది!’ అన్నాను. చప్పట్లు. డోలక్ వాయించే అన్న ఉత్సాహం పట్టలేక రెండు దరువులు వేశాడు. గంట పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ ఒక్కతే నన్ను చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని.

ఇంటికి రాగానే మా ఆవిడ మందు సీసా తీసి బల్ల మీద పెట్టింది. ‘ఏమయ్యా, మందులకు లొంగలేదా? మరి ఈ సీసాలో ఉండేది ఏమి, పానకమా?’

‘మైకులో అట్ల వచ్చేసింది లే.’

‘వచ్చేసింది సరే. చెంచా అందుకో, మధ్యాహ్నం మందు పొయ్యాల.’

అప్పుడు నాకు అసలు చిక్కు తట్టింది. మందులకు లొంగలేదని సంఘం ముందు చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా ఇంటికొచ్చి బల్ల మీద మందు సీసా చూస్తే? ‘ఇంగ మందు ఆపేద్దాం’ అన్నాను. ‘బిడ్డకు నయమయింది గదా. సాక్ష్యం చెప్పినాక మళ్ళా మందు పోస్తే జనం ఏమనుకుంటారు?’

‘జనమొచ్చి మన బిడ్డ గుడ్డలు ఉతుకుతారా?’

‘దేవుని మీద విశ్వాసం లేదనుకుంటారు.’

‘దేవునికి సిరప్పు సీసా అంటే కోపమా? నీకే గదా పరువు!’ అన్నది. అంత సూటిగా చెప్తే ఏ మొగుడు ఒప్పుకుంటాడు? ఆమె స్నానానికి పోయినప్పుడు స్టూలు వేసుకుని, సీసాను అటక మీద కాగితం క్రిస్మస్ నక్షత్రం వెనక దాచాను. సీసా ఏదని ఆమె అడిగితే పగిలిపోయిందని చెప్పాను. కొత్తది తెస్తానని చెప్పి, రోజూ మరిచిపోయాను.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత మళ్ళీ ఆగిపోయింది. కానీ నేను బెదరలేదు, ఎందుకంటే పిల్ల నిక్కర్లలో కొంచెం కొంచెంగా నీళ్ళగా మరకలు కనిపించసాగాయి. ‘చూసినావా? మందు లేకుండానే పోతాంది! ఇంగా పలచగా పోతాంది!’ అని ఆ నిక్కరు పట్టుకుని మా ఆవిడకు జెండాలాగా ఊపి చూపించాను. (ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకుంటే, ఎవరైనా ఆ నిక్కరుతోనే నా నోరు మూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.) బుడ్డమ్మ తినడం మానేసింది. కడుపు డోలక్ లాగా బిగుసుకుంది. ఆడుకోవడం మానేసి ఒక మూల ఒదిగి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చాను. మా ఆవిడ దండెం మీద బట్టలేస్తోంది. లోపల మంచానికీ గోడకూ మధ్య సందులో బుడ్డమ్మ నిలబడి ఉంది. మంచం కోడు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, చెమటలు పోసి, పళ్ళు బిగించి. నేను చెప్పులు విడిచి ఒక అడుగు వేశానో లేదో, అది నన్ను చూసి రెండు చేతులూ ముందుకు చాపింది. ఎత్తుకొమ్మని కాదు. ఆపడానికి.

‘రావాకు నాయనా! రావాకు! నేను మంచిదాన్నే!’

నేను ఆగిపోయాను. ఒకప్పుడు రోజూ నేను షిఫ్టు నుంచి వచ్చే వేళకు ఇంటి గేటు దాకా పరిగెత్తుకొచ్చి, సిమెంటు దుమ్ముతో ఉన్న ప్యాంటునే వాటేసుకునే పిల్ల. కడుపునొప్పి కంటే నేను ఎక్కువ భయమయ్యాను దానికి. పైగా తను చెడ్డది కాదని నాకు చెప్పుకుంటోంది. నేను అక్కడే, గుమ్మం బయటే, దానికి వీపు చూపించి నేల మీద కూర్చుండిపోయాను. ‘రాను తల్లీ, నేను రాను. ఈడనే కూచుంటా’ అన్నాను. మా ఆవిడ బట్టల బకెట్టు పట్టుకుని వచ్చి నన్ను చూసింది, పిల్లను చూసింది. నేనే లేచి స్టూలు వేసుకుని అటక మీది సీసా దించాను. నక్షత్రం మీది చమ్కీ కొంత దానికి అంటుకుని మెరుస్తోంది. ఆమె సీసా వైపు చూసి, ‘పగిలిన సీసా బాగానే అతుక్కునిందే’ అన్నది. ఆ ఒక్క మాటే నాకు ఏండ్ల తరబడి సరిపోయింది.

ప్రొద్దుటూరు డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, నేను మరకల కథ చెప్తే తల పట్టుకుంది. ‘అది విరేచనం కాదప్పా. పెద్ద లారీ గేటులో అడ్డంగా ఇరుక్కుంటే, పక్క సందులోంచి మోటారు సైకిళ్ళు పోవా? అవి పోతాండాయి. లారీ ఆడనే ఉండాది’ అన్నది. గేటు దగ్గర ఆ దృశ్యం నేను రోజూ చూస్తున్నదే. ఇంతకంటే తేలికగా ఎవరూ నాకు చెప్పలేరు. మందు కొన్ని రోజులు ఎక్కువ మోతాదులో, లోపలున్నదంతా పోయేదాకా, ఆ తర్వాత తగ్గించి నెలల తరబడి, తను చెప్పేదాకా ఆపకూడదని గట్టిగా చెప్పింది. ‘ఎందుకు ఆపినారు?’ అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను. ‘సాక్ష్యం చెప్పినాడు మేడం’ అన్నది మా ఆవిడ. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేనే అంతా చెప్పాల్సి వచ్చింది. విని, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక చీటీ రాయడంలో పడింది.

తర్వాతి ఆదివారం మళ్ళీ లేచాను. ఈసారి చొక్కా ఇస్త్రీ లేదు, చేతిలో మందు సీసా ఉంది. ‘పోయినసారి నేను చెప్పిన సాక్ష్యంలో ఈ సీసాను దాచిపెట్టినాను. చప్పట్ల కోసం దాచినాను. దాచినందుకు నా బిడ్డ నొప్పి పడింది’ అన్నాను. ‘ఏమంటాడు?’ అన్నది గంట పెద్దమ్మ. ‘అబద్ధం చెప్పినాడంట!’ అన్నది పక్కామె, ఎప్పటిలాగే ఆటో స్టాండు దాకా. నేను తల దించుకుని నిలబడ్డాను. అప్పుడు అయ్యగారు జేబులోంచి ఒక మాత్రల అట్ట తీసి, నాలాగే పైకి ఎత్తి చూపించాడు. ‘నాయనా, నేను పొద్దున్నే బీపీ మాత్ర మింగి, ఆ తర్వాతే మీ కోసరం మోకరిస్తాండా. మోకరిస్తాండానని మాత్ర మానితే, మోకాళ్ళ మీదనే పడిపోతా. ఆ డాక్టరమ్మను కూడా ఆయనే గదా ప్రొద్దుటూరులో పెట్టింది? కూచో’ అన్నాడు. ఎక్కడో ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. చప్పట్లు మాత్రం రాలేదు. ఆరాధన అయ్యాక ముగ్గురు తల్లులు, ఒక తాతయ్య నా చుట్టూ చేరి, గొంతు తగ్గించి, ఆ సిరప్పు పేరు అడిగారు. ఆ ఊళ్ళో ఎన్ని గేట్లు మూసుకుని ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది. పేరు చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికే పొమ్మన్నాను. అంతవరకు బుద్ధి వచ్చింది.

వెళ్ళేముందు అందరికీ ఒక మనవి చేశాను. ‘బిడ్డను దయచేసి ఎవురూ ఏమీ అడగాకండి. కనిపిస్తే అన్నం తిన్యావా అని అడగండి, చాలు’ అన్నాను. అందరూ సరేనన్నారు. (పాలాయన మాత్రం అలవాటు మానలేక, పిల్ల కనిపించినప్పుడల్లా నోరు చేత్తో మూసుకుని కనుబొమ్మలతో అడిగేవాడు.)

ఇంట్లో పాల సీసాను మా అమ్మ చేతనే చెత్తలో వేయించాం. బుడ్డమ్మ రెండు రోజులు దాని కోసం ఏడ్చింది, నేను దానికంటే ఎక్కువ బాధపడ్డాను. మా అమ్మ తన తమలపాకు వైద్యం చెల్లలేదన్న కోపమేమీ పెట్టుకోకుండా గోంగూర పప్పు మెత్తగా ఎనిపి, రాగి సంగటి చిన్న చిన్న గోలీల్లా చేసి నోట్లో పెట్టేది. బుడ్డమ్మకు ఒక బుల్లి స్టీలు చెంబు కొన్నాం. అందులో నీళ్ళు పోసుకుని బొమ్మకు తాగించి తను తాగేది. అన్నం తిన్నాక ప్లాస్టిక్ కుండీ మీద అది కూర్చునేది, పక్కనే పీట మీద నేను. ముక్కమని చెప్పకూడదు, ఎంతసేపని చూడకూడదు. మరి ఏం చెయ్యాలి? లారీల కథలు చెప్పేవాణ్ణి. ఎర్ర లారీ, పచ్చ లారీ, పొట్ట పెద్ద లారీ. పొట్ట పెద్ద లారీకి గేటు దాటాలంటే భయం, అప్పుడు గేటాయన ఏం చేస్తాడంటే హారన్ కొట్టడు, చక్రాల కింద నీళ్ళు చల్లి, ‘నిదానంగా రాప్పా, మేము యాడికీ పోము’ అంటాడు. బుడ్డమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. కొన్నిసార్లు ఏమీ అయ్యేది కాదు. లేచి నిక్కరేసుకుని ఆటకు పోయేది, నేను కూడా లేచి టీ తాగడానికి పోయేవాణ్ణి. ఏమీ అనకుండా ఉండటం అంత కష్టమైన పని నేను ఫ్యాక్టరీలో కూడా చెయ్యలేదు.

ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాను. పాత అలవాటు ప్రకారం అక్కడే ఆగాను, లోపలికి పోవాలంటే కొంచెం జంకు. మంచం సందులోంచి బుడ్డమ్మ బయటికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది, కాళ్ళు బిగించి ఉంది. నన్ను చూసింది. ఇప్పుడు చేతులు ముందుకు చాపుతుంది, రావాకు అంటుంది అని రెండో చెప్పు విడవకుండానే నిలబడ్డాను. అది చేతులు చాపే వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చి నా ప్యాంటు పట్టుకుని లాగింది.

‘నాయనా, దా దా! లారీ వస్తాంది!’

ఎత్తుకుని కుండీ దగ్గరికి పరిగెత్తాను. చెప్పు ఒకటి కాలికే ఉండిపోయింది. లారీ గేటు దాటింది, నిదానంగా, ఏడుపు లేకుండా. బుడ్డమ్మ లేచి లోపలికి తొంగి చూసి, ‘రైట్ రైట్!’ అన్నది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, మేమిద్దరం కుండీకి టాటా చెప్పడం చూసి, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. సీసా దాచిన రోజు నుంచి ఆమె నా ముందు మనసారా నవ్వడం అదే మొదలు. ఆ పూట చర్చికి పోయి మైకు పట్టుకోవాలనిపించింది. పోలేదు. మందు పోశాను.

బుడ్డమ్మ ఇప్పుడు కర్నూలులో డిగ్రీ చదువుతోంది. ఇది రాస్తానంటే, ‘రాస్కో నాయనా, పేరు మాత్రం రాయాకు, నా ఫ్రెండ్స్ చదువుతారు’ అని షరతు పెట్టింది తనే. మొన్న సెలవులకు వచ్చినప్పుడు అందరం చర్చికి పోయాం. ఆరాధన అయ్యాక ప్యాకింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు నన్ను పక్కకు పిలిచి, ‘అన్నా, మావోనికి రెండేండ్లు. వాడు తలుపు ఎనక నిలబడి...’ అని గొంతు తగ్గించాడు. వాని చంకలో బాబు, బాబు చేతిలో పాల సీసా. నేను ఇక ఆగలేదు. ‘సూడు తమ్ముడూ, ఒక లారీ ఉండాదనుకో’ అని మొదలుపెట్టాను. వెనక నుంచి నా భుజం మీద గడ్డం ఆనించి ఎవరో నవ్వారు. ‘అన్నా, ఆ లారీని నేనే. బాబును డాక్టరుకు చూపించండి, మందు మధ్యలో ఆపాకండి. మా నాయన మాదిరి సాక్ష్యం మాత్రం అప్పుడే చెప్పాకండి’ అన్నది. ఆ కుర్రవాడు అయోమయంగా మా ఇద్దరినీ చూశాడు. వాని చొక్కా ఇస్త్రీ నలగలేదు, వాని కళ్ళల్లో ఎంత ప్రేమ ఉందో అంత కంగారూ ఉంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు ఎర్రగుంట్ల క్వార్టర్సులో కూతురి ముందు గొంతుక్కూర్చుని అరిచిన మనిషి మొహమది. అతను మళ్ళీ ఎదురుపడితే తిట్టాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడైతే ఒక చెంబు నీళ్ళిచ్చి, పక్కన పీట వేసి, నిదానంగా చెప్పాలనిపిస్తోంది. ‘హారన్ మీద నుంచి చెయ్యి తియ్యి నాయనా. బిడ్డ వస్తాది. దానంతట అదే నీ దగ్గరికి పరిగెత్తుకుంటా వస్తాది.’